చెట్టు పక్కన బాట: అంచు తగవు

అక్క: నమస్కారం. కడప నుంచి మళ్లీ మేమే. చెప్పినట్టే ఈ రోజు చెట్ల దగ్గర తవ్వకుండా వేసే బాటలు, వాటి అంచుల గురించి.

తమ్ముడు: ముందు ఏది చెప్పనక్కా?

అక్క: అంచు చెప్పు.

తమ్ముడు: అంచుకేముంది, మన కడప బండ ఉంది కదా! అడుగు లోతు గాడి తీసి నిలువుగా పాతితే తరాలు నిలుస్తుంది.

అక్క: ఆ గాడే వద్దంటున్నాను. వేళ్లలో ఎక్కువ భాగం పై రెండడుగుల మట్టిలోనే ఉంటాయి. నీళ్లు పీల్చే పీచువేళ్లు ఇంకా పైన. బాటంతా తవ్వకుండా వేసి, అంచు కోసం రెండు పక్కలా గాడి తీస్తే పడిన శ్రమంతా వృథా.

తమ్ముడు: మరి కారు ఎక్కితే కంకర పక్కకు జారదా? నల్లరేగడి ఎండకు బీటలు వారుతుంది, వానకు ఉబ్బుతుంది. పైపైన పెట్టిన అంచు ఆగుతుందా?

అక్క: బరువు మోసేది అంచు కాదు. గడ్డి చేత్తో తీసి, నీరు దిగనిచ్చే జియోటెక్స్‌టైల్ గుడ్డ పరచి, దాని మీద తేనెపట్టు గదుల్లా ఉండే ప్లాస్టిక్ జియోసెల్ విప్పి, దుమ్ము లేని కంకర నింపుతారు. కంకరను ఆ గదులే పట్టి ఉంచుతాయి. సందుల్లోంచి నీరు, గాలి వేళ్లకు అందుతాయి. అంచు పై పొరను ఆపితే చాలు.

తమ్ముడు: దేనితో? చెక్క అనకు. మన ఊళ్లో చెదలు వదలవు.

అక్క: చెక్క అననులే. బండనే నేల మీద నిలబెట్టు. వెనక ఇనుప మేకులు దిగ్గొట్టు. మేకుకు వేరు తగిలితే పీకి, జానెడు పక్కన కొట్టు. గాడిలో ఆ వెసులుబాటు లేదు. బయటివైపు కాస్త మట్టి ఎగదోస్తే అంచు కనపడదు కూడా. ఆ మట్టి చెట్టు మొదలుకు మాత్రం తగలకూడదు.

తమ్ముడు: బండ కింద పిడికెడు సిమెంటు...

అక్క: సిమెంటు అన్నావంటే నేనూరుకోను! మన వీధిలో వేపల మొదళ్లు చూశావా? బెరడును ఒరుసుకుంటూ కాంక్రీటు. నీటి చుక్క ఎటు దిగాలి? 2013లోనే పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రిబ్యునల్ ఢిల్లీలో చెట్ల చుట్టూ మీటరు మేర కాంక్రీటు తీసేయమంది. మనకు ఇంకా పట్టలేదు. పచ్చి సిమెంటు నీటిలో క్షారం వేళ్లను కాలుస్తుంది కూడా.

తమ్ముడు: ప్రతి ఎపిసోడ్‌లోనూ సిమెంటు దగ్గరికే వస్తావు.

అక్క: ప్రతి వీధిలోనూ పోస్తున్నారు మరి.

తమ్ముడు: సరే, సరే. చెట్టుకు ఎంత దూరం దాకా ఈ జాగ్రత్త?

అక్క: కట్టుబడి పనుల దగ్గర చెట్లను కాపాడేందుకు బ్రిటన్ వాళ్లు పెట్టుకున్న బీఎస్ 5837 ప్రమాణంలో లెక్క ఉంది. నేల నుంచి మీటరున్నర ఎత్తులో కాండం అడ్డకొలతకు 12 రెట్లు. అరమీటరు లావు వేపకు చుట్టూ 6 మీటర్లు.

తమ్ముడు: 6 మీటర్లా! మన ఇళ్లలో స్థలమే అంత ఉండదు.

అక్క: అందుకే తవ్వకుండా వేయమనేది.

తమ్ముడు: మేస్త్రీ ఫోను చేస్తున్నాడక్కా.

అక్క: ఎత్తు. గాడి తీయొద్దని ముందు చెప్పు.