పతారా బీచ్ రివ్యూ: రేవును మింగిన ఇసుక

నమస్కారం అండి. నా వెనుక రెల్లు ఊగుతున్న ఈ బురద నేలను చూడండి. ఒకప్పుడు ఇది లిసియా ప్రాంతపు పెద్ద ఓడరేవు. దక్షిణ టర్కీలో, కల్కన్ పట్టణానికి దగ్గరలో ఉన్న పతారాకు వచ్చాను. తెలుగు బైబిలులో ‘పతర’ అని చదివినది ఈ ఊరే. అపొస్తలుల కార్యములు 21వ అధ్యాయంలో పౌలు మరో ఓడ ఎక్కింది ఇక్కడే.

బీచ్‌కు దారి శిథిలాల మధ్య నుంచే, రెండింటికీ ఒకటే టికెట్. చాలామంది కారు ఆపకుండా నేరుగా సముద్రానికి వెళ్లిపోతున్నారు. దయచేసి అలా చేయకండి! ముందు ఈ నాటకశాల మెట్లు ఎక్కండి. తవ్వకాలు జరిగేదాకా దీని లోపల ఇసుక దిబ్బ ఉండేది. నీరో చక్రవర్తి కాలంలో, క్రీ.శ. 64 ప్రాంతంలో కట్టిన దీపస్తంభాన్నీ ఇసుకే కప్పేసింది. నది మోసుకొచ్చిన ఒండ్రు, గాలి తోసుకొచ్చిన ఇసుక కలిసి రేవును పూడ్చేశాయి. ఓడలకు దారి లేకపోయాక ఊరు ఏమవుతుంది? ఆ ఇసుక మీదే ఇప్పుడు మనం చెప్పులు విడిచి నడుస్తున్నాం. నాకైతే ఒళ్లు జలదరించింది.

ఇక బీచ్. 12 కిలోమీటర్లకు పైనే ఉంది, ఒడ్డున ఒక్క హోటలూ లేదు. లాగర్‌హెడ్ సముద్ర తాబేళ్లు ఇక్కడ గుడ్లు పెడతాయి. 1990లోనే దీన్ని ప్రత్యేక రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. గుడ్లు పెట్టే కాలంలో రాత్రిళ్లు ఇక్కడ ఎవరినీ ఉండనివ్వరు. అప్పుడే పుట్టిన పిల్లలు వెలుతురు ఉన్న వైపు పాకుతాయి. ఒడ్డున దీపాలు వెలిగితే సముద్రం అటే ఉందనుకుని దారి తప్పి చనిపోతాయి. విశాఖ తీరంలో ఆలివ్ రిడ్లే పిల్లలను సముద్రంలోకి వదలడం చూసినవారికి ఈ కట్టడి ఎందుకో వేరే చెప్పనక్కరలేదు. గొడుగు కర్ర ఎక్కడపడితే అక్కడ గుచ్చకండి, కింద గుడ్లు ఉండవచ్చు.

ఇబ్బందులూ ఉన్నాయి. నీడ దాదాపు లేదు. మధ్యాహ్నం ఇసుక కాళ్లను కాల్చేస్తుంది. నేను వెళ్లిన రోజు మూడు గంటలకు గాలి లేచి ఇసుక కళ్లలో కొట్టింది, కెమెరా మూసేయాల్సి వచ్చింది. అలలు కూడా గట్టిగానే ఉన్నాయి, పిల్లలను ఒంటరిగా వదలకండి.

అయినా నేను మళ్లీ వస్తాను. ఉదయం చల్లగా ఉండగానే శిథిలాలు చూసుకోండి, ఎండ తగ్గాక సముద్రంలోకి దిగండి. మంచినీళ్లు మాత్రం మీరే తెచ్చుకోండి, మనిషికి రెండు సీసాలకు తక్కువ కాకుండా.