పోపుల పెట్టెలో మాత్రలు

(ప్రపంచ ఫార్మసిస్టుల దినోత్సవం సందర్భంగా ఒక ఫార్మసీ కళాశాలలో చేసిన ప్రసంగం)

వేదిక మీది పెద్దలకు, ప్రిన్సిపాల్ గారికి, అధ్యాపకులకు నమస్కారం. పిల్లలందరికీ ఆశీస్సులు. శాలువా ఇప్పుడే కప్పారు కాబట్టి దాని గురించి రెండు మాటలు చెప్పాలి కానీ, ఈ ఉక్కలో దాన్ని మడిచి పక్కన పెడుతున్నాను. ఏమీ అనుకోకండి.

సెప్టెంబరు 25న మనల్ని తలచుకునే రోజు ఒకటి ఉందని నాకు ఉద్యోగం చివరి రోజుల్లో గానీ తెలియలేదు. 1979లో చేరి, 2013లో 58 ఏళ్లకు పదవీ విరమణ చేశాను. మొత్తం 34 ఏళ్లు ప్రభుత్వ ఆస్పత్రుల్లో కిటికీ వెనక నిలబడి మందులిచ్చినవాణ్ణి. మీ ప్రిన్సిపాల్ గారు నాకిచ్చిన అంశం చాలా పెద్దది. ప్రపంచ ఆరోగ్యంలో మందుల విలువ, వినియోగం, వాటిని అంచనా వేసే పద్ధతులు. దీని కోసం పదకొండు పేజీలు రాసుకొచ్చాను. ఈ బల్ల కింద ఎర్ర ప్లాస్టిక్ బేసిన్ ఒకటి ఉంది. ముందు వరుసలో అమ్మాయిలు ఇందాకటి నుంచి దాన్నే చూస్తున్నారు. అది నాదే. దాని సంగతి తరవాత.

మొదటి పేజీలో రాసుకున్నది ఇది. హెపటైటిస్-సి జబ్బుకు సోఫోస్బువిర్ అనే మందు 2013 చివర్లో అమెరికాలో విడుదలైంది. పన్నెండు వారాల చికిత్సకు 84 మాత్రలు, ధర 84 వేల డాలర్లు. అంటే మాత్ర ఒక్కింటికి వెయ్యి డాలర్లు. ఎందుకంత అని అడిగితే, కాలేయం పాడై రోగికి మార్పిడి శస్త్రచికిత్స చేయాల్సి వస్తే అయ్యే ఖర్చుతో పోల్చి చూడండి అన్నారు. 2015లో మన హైదరాబాద్ కంపెనీ ఒకటి లైసెన్సు తీసుకుని అదే మందును 28 మాత్రల సీసా 19,900 రూపాయలకు తెచ్చింది. మూడు సీసాలకు అరవై వేలు. మరి ఆ మందు విలువ ఎంత? 84 వేల డాలర్లా, అరవై వేల రూపాయలా? మాత్ర ఒకటే, జబ్బూ ఒకటే. ధరను చూసి విలువ కట్టలేమని మీకు పాఠంలోనే చెప్పి ఉంటారు కాబట్టి దీన్ని సాగదీయను.

ధర కాకపోతే దేనితో కొలవాలి? ఒక జబ్బు మనిషి ఆయుష్షులో ఎంత భాగాన్ని తినేస్తుందో లెక్కగట్టే పద్ధతి ఒకటి ఉంది. 1993లో ప్రపంచ బ్యాంకు నివేదికతో అది లోకానికి తెలిసింది. డాలీ అంటారు. సున్నా అంటే పూర్తి ఆరోగ్యం, ఒకటి అంటే చావు. ఈ రెండింటి మధ్య ప్రతి జబ్బుకూ ఒక అంకె వేస్తారు, ఆ జబ్బుతో బతికిన ఏళ్లను దాంతో గుణిస్తారు. మందు ఆ నష్టాన్ని ఎంత తగ్గిస్తే దాని విలువ అంత.

ఆ పట్టిక చేతికి వస్తే మీరందరూ ఏ జబ్బు వెతుకుతారో నాకు తెలియదు. నేను మాత్రం బోదకాలు వెతికాను.

నేను మూడో తరగతిలో ఉండగా మా అమ్మకు ఎడమ కాలు వాచింది. మాది గోదావరి జిల్లాలో కాలవగట్టు ఊరు. మొదట గజ్జల్లో బిళ్ల కట్టి చలిజ్వరం వచ్చేది. మూడు రోజులు ఒణికి లేచేది. మళ్లీ రెండు మూడు నెలలకు అదే తంతు. జ్వరం వచ్చిపోయిన ప్రతిసారీ కాలు మరికాస్త లావయ్యేది. ఊళ్లో చాలామందికి ఉన్నదే కాబట్టి ఎవరూ దాన్ని జబ్బు అనుకోలేదు, కర్మ అనుకున్నారు. అమ్మ చీర కుచ్చెళ్లు నేల మీద జీరాడేలా కట్టుకునేది. మా అక్క పెళ్లిలో పీటల మీద కూర్చోనంది. నాన్నగారు ఎంత బతిమాలినా వినలేదు. పందిరి వెనక వంటల దగ్గరే ఉండిపోయింది, కన్యాదానం మా పెద్దమ్మ, పెదనాన్న చేశారు. 1979 పుష్కరాలకు అందరం రాజమండ్రి వెళ్లాం. రేవు మెట్ల దాకా వచ్చి దిగనంది, కాలు అందరూ చూస్తారని. నాన్నగారు చెంబుతో నీళ్లు తెచ్చి నెత్తిన చల్లారు. గోదావరి పక్కన పుట్టి, గోదావరి పక్కన చచ్చిపోయిన మనిషి పుష్కర స్నానం చేయలేదు.

1994లో పోయింది. ఆ కాలుతో బతికింది 31 ఏళ్లు.

పట్టికలో బోదకాలుకు వేసిన అంకె సుమారు 0.11. చేతుల్లో ఫోన్లు ఉన్నాయిగా, వెనక బెంచీల్లో బయటికి తీసే ఉన్నాయి, కనిపిస్తున్నాయి. గుణించండి. 31ని 0.11తో. ఎంత? మూడు పాయింట్ నాలుగు ఒకటి. అంటే మూడేళ్ల ఐదు నెలలు. మా అమ్మకు ఆ జబ్బు వల్ల కలిగిన నష్టం, లెక్క ప్రకారం, మూడేళ్ల ఐదు నెలలు.

ఈ అంకెలు ఎలా వేశారో కూడా చదివాను. బంగ్లాదేశ్, ఇండోనేషియా, పెరూ, టాంజానియా, అమెరికా దేశాల్లో మామూలు జనాన్ని అడిగారు. ఇద్దరు మనుషుల స్థితి రెండేసి ముక్కల్లో చెప్పి, వీళ్లలో ఎవరు ఎక్కువ ఆరోగ్యంగా ఉన్నారంటారు అని ప్రశ్న. బోదకాలు గురించి చెప్పిన ముక్క ఏమిటంటే, కాళ్లు వాచి, చర్మం గట్టిపడి, తిరగడం కష్టంగా ఉంటుందని. అంతే. పెళ్లిపీటల ఊసు లేదు, రేవు మెట్ల ఊసు లేదు. ఉండదు కూడా, అలా అన్నీ పెడితే ప్రశ్న పది పేజీలవుతుంది. కోపం వచ్చిన మాట నిజం. రెండు రోజులు ఆ కాగితం మళ్లీ ముట్టుకోలేదు. కానీ ఒకటి ఒప్పుకోవాలి. బోదకాలు మనిషిని చంపదు. చావులు మాత్రమే లెక్కపెట్టే రోజుల్లో మా అమ్మకు పట్టికలో సున్నా వచ్చేది. ఈ 0.11 వల్లనే ఆ జబ్బుకు పెద్ద పెద్ద సమావేశాల్లో కుర్చీ దొరికింది. తక్కువ వేశారని తిడతాను కానీ, వేయవద్దని మాత్రం అనను.

ఇక్కడ ప్రసంగం కాగితం వదిలేస్తున్నాను. మిగిలిన పేజీలు మీ లైబ్రరీకి ఇచ్చేస్తాను, కావలసినవాళ్లు చదువుకోండి.

బోదవ్యాధికి మందు కనిపెట్టినవారిది మన భీమవరం. యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు మీకు తెలుసు, మీ మెట్ల దగ్గర ఫొటో కూడా చూశాను. 1895లో పుట్టారు. ఇద్దరు అన్నదమ్ములు స్ప్రూ అనే పేగుల జబ్బుతో ఎనిమిది రోజుల తేడాలో పోయారు, తానూ అదే జబ్బుతో మంచం పట్టి లేచారు. అమెరికా వెళ్లి, న్యూయార్క్ రాష్ట్రంలో పెర్ల్ రివర్ అనే చోట లెడర్లే ప్రయోగశాలల్లో పరిశోధనకు నాయకత్వం వహించారు. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవుల్లో అమెరికన్ సైనికులకు ఫైలేరియా, అంటే ఈ బోదవ్యాధే, సోకింది. అప్పుడు గానీ దీనికి మందు వెతకాలన్న తొందర పుట్టలేదు. మా ఊరివాళ్లకు తరతరాలుగా ఉన్నప్పుడు లేని తొందర అది. సరే, అదలా ఉంచండి. 1947లో ఆయన బృందం డైఇథైల్‌కార్బమజీన్ తెచ్చింది. హెట్రజాన్ అన్న పేరుతో వచ్చింది, మనం డీఈసీ అంటాం. మొదట ప్యూర్టోరికోలో రోగులకు ఇచ్చి చూశారు. మరుసటి ఏడాదే ఆయన పోయారు.

ఇంకో సంగతి వినండి. 2012లో లండన్‌లో మందుల కంపెనీలు, ప్రభుత్వాలు కూర్చుని, పట్టించుకోని జబ్బుల మీద ఒక ప్రకటన చేశాయి. అప్పుడు ఒక జపాన్ కంపెనీ 220 కోట్ల డీఈసీ మాత్రలు ప్రపంచ ఆరోగ్య సంస్థకు ఉచితంగా ఇస్తానంది. ఆ మాత్రలు ఎక్కడ తయారయ్యాయి? మన విశాఖపట్నంలో. భీమవరం మనిషి న్యూయార్క్‌లో కనిపెట్టిన మందు విశాఖలో తయారై ఎక్కడెక్కడి దీవులకో ఉచితంగా వెళ్లింది. దీనికి మీరు చప్పట్లు కొడతారని ఆగాను. కొట్టారు, సంతోషం. అయితే ఆ చప్పట్లు నాకు చెందవు, ఎందుకో ఇప్పుడు చెబుతాను.

బోదకాలు దోమల ద్వారా ఒంట్లో చేరే పురుగుల వల్ల వస్తుంది. డీఈసీ రక్తంలోని పిల్లపురుగులను చంపుతుంది. వాచిన కాలును మాత్రం తగ్గించదు. అంటే ఈ మందు విలువంతా కాలు వాయనివారు మింగడంలోనే ఉంది. ఒంట్లో పెద్దపురుగు ఏళ్ల తరబడి బతుకుతూ పిల్లల్ని కంటూ ఉంటుంది కాబట్టి, ఊరంతా ఏడాదికి ఒకసారి చొప్పున కనీసం ఐదేళ్లు మింగాలి. మొత్తం జనాభాలో 65 శాతానికి తగ్గకుండా మింగాలి. రెండేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, బాగా జబ్బుతో ఉన్నవారికి తప్ప అందరికీ. ఏ జబ్బూ లేనివాడి ఇంటికి వెళ్లి, ఇదిగో మూడు మాత్రలు, మింగు అనాలి. పురుగు చచ్చేటప్పుడు కొందరికి జ్వరం, తలనొప్పి వస్తాయి. అంటే మందు పనిచేస్తున్నట్టు. కానీ ఊరివారి లెక్కలో, బాగున్నవాడికి మాత్ర వేస్తే జ్వరం వచ్చింది.

2004 నుంచి మన దేశంలో ఏటా ఈ సామూహిక పంపిణీ మొదలైంది. నా ఆస్పత్రి పరిధిలో మాత్రల లెక్క నాది. వచ్చినవి ఎన్ని, ఇచ్చినవి ఎన్ని, మిగిలినవి ఎన్ని. ఎదుటే మింగించాలని పైనుంచి ఆదేశం. ఇంటికి వెళితే మగవాళ్లు పొలంలో ఉంటారు, పరగడుపున వద్దంటారు, భోజనం చేశాక వేసుకుంటాం, అక్కడ పెట్టి వెళ్లండి అంటారు. మావాళ్లు పెట్టి వచ్చేవారు. చేతికి ఇచ్చిన ప్రతి మాత్రనూ రిజిస్టరులో మింగినట్టు రాశాం. తొంభై శాతం పైన వచ్చింది. కింద సంతకం నాది. ఎవరో ఒత్తిడి చేశారని తప్పించుకోను. ఎవరూ చేయలేదు. మాత్రలు ఇచ్చాం కదా అనుకున్నాను, అంతే.

కొన్నేళ్లకు ఒక పల్లెలో మధుమేహం పరీక్షల శిబిరం పెట్టాం. ఒక మామ్మగారు నన్ను గుర్తుపట్టి, ఇంట్లోకి పిలిచి మజ్జిగ ఇచ్చారు. మందులాయన వచ్చాడని మురిసిపోయి, అటక మీది పాత పోపుల పెట్టె దింపి చూపించారు. ఒక గిన్నెలో కోడలి చెవిదిద్దులు, ఒక గిన్నెలో కొడుకు బారసాలనాటి వెండి మొలతాడు ముక్క. మిగిలిన గిన్నెల్లో డీఈసీ మాత్రలు. ఇంటిల్లిపాదివీ, నాలుగైదేళ్లవి. ఒక్కటీ పారేయలేదు, ఒక్కటీ మింగలేదు. ఇదేమిటి మామ్మగారూ అన్నాను.

"ఇంత మంచి మందు ఊరికే మింగేస్తే ఎలా బాబూ? ఎవరికైనా కాలు వాస్తే వేద్దామని దాచాను" అన్నారు.

నేను చదివిన ఏ లెక్కలోనూ డీఈసీకి అంత విలువ కట్టినవారు లేరు. బంగారం పక్కన పెట్టారు. ఉపయోగం మాత్రం సున్నా. నా రిజిస్టరులో ఆ ఇంటికి ఏటా ఆరుగురు మింగినట్టు ఉంది.

చైనాలో ఈ డీఈసీనే వంట ఉప్పులో కలిపి జనానికి తినిపించారు. 2007లో ఆ దేశంలో ఫైలేరియా ఇక ప్రజారోగ్య సమస్య కాదని తేల్చారు. ఆ రోజు మజ్జిగ గ్లాసు పట్టుకుని నాకు అదే గుర్తొచ్చింది. పోపుల పెట్టె పక్క గూట్లోనే ఉప్పు జాడీ ఉంది. మనకు ఉప్పు దారి అంత తేలిక కాదు, దాని ఇబ్బందులు దానికున్నాయి, తెలుసు. అయినా ఆ జాడీని చూస్తూ కూర్చున్నాను.

పిల్లలూ, మీలో కొందరు పరిశ్రమల్లోకి వెళతారు, కొందరు పైచదువులకు వెళ్లి ఇలాంటి అంకెలే తయారు చేస్తారు. కిటికీ వెనకకు వచ్చేవాళ్లు తక్కువ. ఎక్కడికి వెళ్లినా, 'ఇచ్చినవి', 'మింగినవి' అని రెండు గడులున్న కాగితం అడగండి. ఒకే గడి ఉన్నదాని కింద సంతకం పెట్టకండి. ఈ జిల్లాలో మళ్లీ పంపిణీ జరిగితే వలంటీర్లుగా వెళ్లండి, చేతిలో మంచినీళ్ల సీసా పట్టుకుని వెళ్లండి. వాళ్లు భోజనం చేసేదాకా అరుగు మీద కూర్చోండి. మామ్మలు మజ్జిగ ఇస్తారు.

మీ ప్రిన్సిపాల్ గారు గడియారం చూపిస్తున్నారు. బేసిన్ సంగతి చెప్పి దిగిపోతాను.

కాలు వాచినవారికి ఏ మాత్రా లేదనుకునేవాణ్ణి. మాత్ర లేదు గానీ, పని ఉంది. రోజూ సబ్బుతో, మామూలు నీళ్లతో కాలు మెల్లగా కడగాలి. మడతల్లో, వేళ్ల సందుల్లో తడి లేకుండా మెత్తటి గుడ్డతో అద్దాలి. పుండు పడితే మందు రాయాలి, పడుకున్నప్పుడు కాలు ఎత్తులో పెట్టాలి. చర్మం పగుళ్లలోంచి సూక్ష్మజీవులు దూరడం వల్లనే ఆ చలిజ్వరాలు వస్తాయి. వాటిని ఆపితే కాలు పెరగడం చాలావరకు ఆగుతుంది. నేను ఇది నేర్చుకునే నాటికి మా అమ్మ పోయి తొమ్మిదేళ్లు. పదిహేనేళ్లు మందులిచ్చే ఉద్యోగంలో ఉండి, ఆమె కాలు ఒక్కసారి కూడా కడగలేదు. ఆమె పట్టుకోనిచ్చేది కాదు, నేనూ గట్టిగా అడగలేదు.

మీలో ఎవరింట్లోనైనా అలాంటి కాలు ఉంటే, చేయెత్తవద్దు, నలుగురిలో చెప్పవద్దు. సభ అయ్యాక ఉండండి. బేసిన్, సబ్బు, రెండు తువ్వాళ్లు తెచ్చాను. నా కాలు మీదే చూపిస్తాను. ఆఖరి బస్సు ఏడున్నరకు, అప్పటిదాకా ఇక్కడే ఉంటాను.