రుజువు అడగండి, రుచి అడక్కండి

అధ్యక్షులకూ సభకూ నమస్కారం. పొగడ్తలు వదిలేస్తాను, నాకిచ్చింది పది నిమిషాలే.

నన్ను మాట్లాడమన్నది సంగీత డేటాబేస్ నియమాల గురించి, అంటే రికార్డుల, పాటల వివరాలు జనమే ఎక్కించే జాబితాల్లో ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అన్న సంగతి. కానీ ముందు ఒక క్యాసెట్ సంగతి చెప్పాలి. ఎవరో ఇంట్లో పాడుకుని, కాపీలు తీసి, తెలిసినవాళ్లకి పంచినది. అట్ట మీద పాటల పేర్లు నీలం ఇంకుతో రాశారు. బి సైడ్‌లో మూడో పేరు కొట్టేసి పక్కన ఇంకోటి రాశారు. ఫొటోలు తీసి, ఒక్కో పాట నిడివి చూసి, ఆ వివరాలు ఒక డేటాబేస్‌లో ఎక్కించాను. మర్నాటికి తీసేశారు. కారణం? ‘అంత ప్రాముఖ్యం లేదు’ అట!

ప్రాముఖ్యం ఎవరడిగారండీ? మనమేమైనా శాలువాలు కప్పుతున్నామా?

మ్యూజిక్‌బ్రెయిన్జ్ అనే డేటాబేస్‌లో దొంగ ముద్రణలకీ చోటుంది, ‘బూట్‌లెగ్’ అని గుర్తు పెట్టి ఉంచుతారు. డిస్కాగ్స్ అనే ఇంకో డేటాబేస్ 2000లో మొదలైనప్పుడు ఎలక్ట్రానిక్ సంగీతమే తీసుకునేది, తర్వాత మిగతా వాటికీ తలుపు తీసింది. అక్కడ అడిగేది వస్తువు మీ చేతిలో ఉందా అని. రికార్డు మీద గాడులు అయిపోయాక, లేబుల్ చుట్టూ నున్నగా మిగిలే చోట చెక్కిన నంబరు చూసి రాయమంటారు. అట్ట ఒకటే అయినా ముద్రణలు వేరని చాలాసార్లు ఆ నంబరే పట్టిస్తుంది. అదీ పద్ధతి! రుజువు అడగండి, ఇస్తాం. రుచి అడక్కండి.

సందర్భం కాకపోయినా ఇంకో మాట. కంప్యూటర్‌లో సీడీ పెడితే పాటల పేర్లు వచ్చేవి, గుర్తుందా? చాలా సీడీల్లో ఆ పేర్లే ఉండేవి కావు. మనలాంటివాళ్లు ఊరికే కూర్చుని టైప్ చేసిన సీడీడీబీ అనే ఆన్‌లైన్ జాబితా నుంచి వచ్చేవి. తర్వాత అది గ్రేస్‌నోట్ అనే వ్యాపారమైంది. ఆ కడుపుమంటలోంచే మ్యూజిక్‌బ్రెయిన్జ్ పుట్టింది. జనం చేత్తో పోగేసినదాన్ని ఒక్కరు కూర్చుని తీసేస్తే నాకు ఒళ్లు మండేది అందుకే.

‘మరి ఏఐ పాటలు గుట్టలుగా వచ్చిపడుతున్నాయి కదా’ అని వెనక నుంచి ఎవరో అంటున్నారు. న్యాయమైన ప్రశ్నే. ఒకే ఖాతా నుంచి వందలకొద్దీ ఎక్కిస్తుంటే ఆపండి. ఏఐతో చేసిందని తెలిస్తే ఆ మాట పక్కన రాయండి. ఆ వంకతో నా క్యాసెట్ జోలికి మాత్రం రాకండి.

మ్యూజిక్‌బ్రెయిన్జ్‌లో ఒక మార్పు మీద ఓటుకి మామూలుగా ఏడు రోజులుంటాయి. ఎవరూ పట్టించుకోకపోతే అది అలాగే ఆమోదమైపోతుంది. తొలగింపు కూడా అంతే! కాబట్టి చూస్తూ ఊరుకోకండి, ఓటెయ్యండి.

ఏదీ ‘ప్రాముఖ్యం లేదు’ అన్న ఒక్క కారణంతో తీసేయకూడదనేవాళ్లు చేతులెత్తండి. వెనక వరసవాళ్లు కూడా! తీర్మానం కాగితం కార్యదర్శి గారి దగ్గరుంది, టీకి వెళ్లేముందు సంతకం పెట్టండి.