ఇల్లు ఖాళీ చేయిస్తామని గెలిచారు: తూర్పు బెంగాల్, 1954

(తెర మీద: ఢాకాలోని ఒక పాత బంగ్లా)

ఈ ఇంటి పేరు బర్ద్వాన్ హౌస్. 1954 మొదట్లో ఇందులో ఉన్నది తూర్పు బెంగాల్ (అంటే ఇప్పటి బంగ్లాదేశ్, అప్పట్లో పాకిస్తాన్‌లో భాగం) ముఖ్యమంత్రి నూరుల్ అమీన్. ఆ ఏడాది ఎన్నికల్లో ప్రతిపక్షాలు ఒక విచిత్రమైన హామీ ఇచ్చాయి. మేం గెలిస్తే ఈ ఇంట్లో కాపురం పెట్టం, దీన్ని బెంగాలీ భాషకి ఇచ్చేస్తాం అని! పన్నులు తగ్గిస్తామనడం ఎప్పుడూ వినేదే. ముఖ్యమంత్రి ఇంటి మీద హామీ ఏంటి?

(మ్యాప్)

1947లో పుట్టిన పాకిస్తాన్ రెండు ముక్కలు. మధ్యలో మన దేశం. పడమట పంజాబీలు, సింధీలు, పఠాన్లు, బలూచీలు. తూర్పున బెంగాలీలు. జనాభాలో సగానికి పైగా తూర్పునే ఉన్నారు. రాజధాని మాత్రం కరాచీ. 1948 మార్చిలో జిన్నా ఢాకాకే వచ్చి, దేశానికి ఉర్దూ ఒక్కటే అధికార భాష అని చెప్పి వెళ్లారు. 1952 ఫిబ్రవరి 21న బెంగాలీ కోసం రోడ్డెక్కిన విద్యార్థుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. అప్పుడు ముఖ్యమంత్రి ఈ నూరుల్ అమీనే. (అదే ఏడాది డిసెంబర్‌లో మద్రాసులో పొట్టి శ్రీరాములు గారు కన్నుమూశారు. ఏం సంవత్సరమో అది!)

పంజాబ్‌లో 1951లో, సింధ్‌లో 1953లో ఎన్నికలు అయిపోయాయి. తూర్పు బెంగాల్‌లో మాత్రం వాయిదా మీద వాయిదా. అసలు సంగతేంటంటే, 1949లో టాంగాయిల్ ఉప ఎన్నికలో అధికార ముస్లిం లీగ్ ఓడింది. ఆ తర్వాత సీట్లు ఖాళీ అవుతున్నా ఉప ఎన్నికలే పెట్టలేదు. ఓడిపోతామన్న టెన్షన్ అప్పటికే పట్టుకుంది.

చివరికి 1954 మార్చిలో పోలింగ్. లీగ్‌కి ఎదురుగా ప్రతిపక్షాల కూటమి యునైటెడ్ ఫ్రంట్, గుర్తు పడవ. ఏరూ కాలువా లేని ఊరు దొరకని చోట అంతకంటే మంచి గుర్తు ఏముంటుంది? ముందు నిలబడిన పెద్దలు ముగ్గురు: ఫజ్లుల్ హక్, మౌలానా భాషానీ, సుహ్రావర్దీ. ఇందులో హక్ కథ వేరు. 1940లో లాహోర్‌లో పాకిస్తాన్ తీర్మానాన్ని ప్రవేశపెట్టింది ఈయనే. ఇప్పుడు ఎనభై ఏళ్ల వయసులో అదే లీగ్ మీద పోటీ! మేనిఫెస్టోలో సరిగ్గా 21 అంశాలు. 21 ఎందుకో విడమరిచి చెప్పాల్సిన పని ఓటర్లకి లేదు.

(తెర మీద అంకెలు: 309, 237, 223)

మొత్తం 309 సీట్లు. ముస్లింలకు వేరు, హిందువులకు, మిగతావాళ్లకు వేరు ఓటర్ల జాబితాలు. బ్రిటిష్ కాలం నాటి ఆ గోడలు అలాగే ఉన్నాయి. ముస్లిం సీట్లు 237 అయితే ఫ్రంట్‌కి 223 వచ్చాయి. దేశం తెచ్చామని చెప్పుకునే లీగ్ పది దాటలేదు. నూరుల్ అమీన్ సొంత సీట్లో ఖాలెక్ నవాజ్ ఖాన్ చేతిలో ఓడారు. గెలిచినాయన ముప్పై కూడా నిండని విద్యార్థి నాయకుడు.

ఏప్రిల్ 3న హక్ ముఖ్యమంత్రి అయ్యారు. మే నెలలో ఆదంజీ జూట్ మిల్లులో బెంగాలీ, బెంగాలీయేతర కార్మికుల మధ్య ఘోరమైన అల్లర్లు జరిగాయి. కరాచీకి కావాల్సిన సాకు దొరికింది. హక్‌ని ద్రోహి అన్నారు. మే 30న 92-ఏ సెక్షన్ కింద గవర్నర్ పాలన పెట్టేశారు. రెండు నెలలు కూడా నిండలేదు! ఈ సెక్షన్ మూలం 1935 నాటి బ్రిటిష్ చట్టం. మన రాష్ట్రపతి పాలన పెట్టే 356వ అధికరణకి కూడా పుట్టిల్లు అదే. అసెంబ్లీని ఎన్నుకునేది ఢాకా, ఉంచాలో తీసేయాలో చెప్పేది కరాచీ.

మరి ఇల్లు? ఫ్రంట్ తర్వాత చీలిపోయింది. అయినా 1955 డిసెంబర్ 3న బర్ద్వాన్ హౌస్‌లో బెంగాలీ భాష కోసం పెట్టిన బంగ్లా అకాడమీ మొదలైంది. ఫిబ్రవరి పుస్తకాల పండగ పెరిగింది ఈ ఆవరణలోనే.

(బంగ్లా ముందు పుస్తకాల స్టాళ్లు, జనం)