ఇంట్లో కుక్క ఉంది, కానీ అది మనది కాదు

మొన్న ఒక ఫ్రెండ్ ఇంటికొచ్చాడు. మా డైసీ తల నిమురుతూ, "ల్యాబ్రడార్ ఊరికే వచ్చింది, తిండి వాళ్లదే, డాక్టర్ ఖర్చూ వాళ్లదే, ఇంకేం కావాలిరా నీకు" అన్నాడు. అప్పటికి నవ్వి ఊరుకున్నా. వాడు వెళ్లాక మాత్రం, చాలామంది ఇలాగే అనుకుని, మాలాగా సంస్థ కుక్కని ఇంట్లో పెంచుతామని అప్లికేషన్ పెట్టేస్తారేమో అనిపించి కెమెరా ఆన్ చేశాను.

ముందు డైసీ ఎవరో చెప్తాను. చూపు లేనివాళ్లకి దారి చూపే గైడ్ డాగ్స్ ఉంటాయి కదా, అలా గైడ్ డాగ్స్ కాబోయే పిల్లలకి ఇది తల్లి. ఇది గైడ్ డాగ్ కాదు. రోడ్డు దాటించడం దీనికి రాదు, ఉడత కనిపించిందంటే నన్నే రోడ్డు మీదకి లాక్కెళ్లిపోతుంది. కాగితాల మీద గైడ్ డాగ్స్‌ని తయారుచేసే సంస్థది, వాలంటీర్లుగా పెంచేది మేము, పడుకునేది మా సోఫా మీద. దాన్ని ఎప్పుడు, ఏ మగకుక్కతో కలపాలో, ఎన్నిసార్లు ఈనాక ఆపెయ్యాలో, అన్నీ వాళ్లే తేలుస్తారు. నన్ను అడగరు, అడగక్కర్లేదు కూడా. చేరేముందు మనసులో గట్టిగా రాసుకోవాల్సింది ఇదొక్కటే.

అసలు వాళ్లే కుక్కల్ని ఎందుకు పుట్టించుకుంటారు, బయట కొనుక్కోవచ్చు కదా అంటారు. మొదట్లో అలాగే చేసేవాళ్లు. గైడ్ డాగ్స్‌కి మొదటి స్కూల్ 1916లో జర్మనీలోని ఓల్డెన్‌బర్గ్‌లో పెట్టారు, యుద్ధంలో చూపు పోయిన సైనికుల కోసం. 1929లో అమెరికాలో 'ది సీయింగ్ ఐ' వచ్చింది. ఎక్కువగా జర్మన్ షెపర్డ్‌లు ఉండేవి అప్పుడు. ఇప్పుడు ల్యాబ్రడార్లు, గోల్డెన్ రిట్రీవర్లు, ఆ రెండూ కలిసిన క్రాస్‌లు ఎక్కువ. బయటనుంచి వచ్చిన కుక్కతో చిక్కేమిటంటే, ఏడాది పైగా పెంచి, నెలల తరబడి ట్రైనింగ్ ఇచ్చాక దాని తుంటి కీలు బాగాలేదనో, లారీ హారన్‌కి వణికిపోతుందనో బయటపడితే ఆ శ్రమంతా పోయినట్టే. అందుకని తల్లీతండ్రుల దగ్గరే వడపోస్తారు. తుంటికీ మోచేతికీ ఎక్స్‌రే, గుండె, కళ్లు, అన్నిటికంటే ముందు గుణం. ల్యాబ్రడార్లలో రెటీనా మెల్లగా పాడైపోయే జబ్బు ఒకటి ఉంది, తల్లీతండ్రీ ఇద్దరిలోనూ ఆ జన్యువు దాగి ఉంటే పిల్లలకి రావచ్చు, డీఎన్ఏ టెస్టులో ముందే తెలుస్తుంది. దారి చూపాల్సిన కుక్కకే చూపు పోతే ఎలా చెప్పండి.

సరే, ఇంట్లో పని సంగతికొద్దాం. మామూలు రోజుల్లో పెద్ద పనేమీ లేదు. వాకింగ్, కొలిచి పెట్టే తిండి, పిలిస్తే రావడం, టేబుల్ దగ్గర అడుక్కోకపోవడం. బరువు పెరిగితే సంస్థవాళ్ల చూపు మన మీదే పడుతుంది, ఆ కళ్లు పెట్టుకుని డైసీ ఎంత బతిమాలినా సరే.

టెన్షనంతా అది ఎదకొచ్చినప్పుడు. ఆరేడు నెలలకొకసారి వస్తుంది, సుమారు మూడు వారాలుంటుంది. మొదటి రక్తపు చుక్క కనిపించిన రోజు రాసిపెట్టుకుని వెంటనే ఫోన్ చెయ్యాలి. వాళ్లు రక్తంలో ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ చూసి ఏ రోజు కలపాలో లెక్క కడతారు. ఆ మూడు వారాలూ లీష్ లేకుండా గడప దాటనివ్వకూడదు. గోడ ఎత్తుగా ఉంది కదా అని ధీమా పడకండి, ఎద వాసన తగిలిన మగకుక్కకి గోడ ఒక లెక్క కాదు. పైగా చాలామందికి తెలియని సంగతి, ఒకే ఈతలో ఇద్దరు తండ్రుల పిల్లలు పుట్టొచ్చు. అంటే సంస్థ చూసిన సంబంధం అయ్యాక కూడా, ఒక్క పది నిమిషాలు తలుపు తెరిచి మర్చిపోయారంటే ఏ పిల్ల ఎవరిదో తేల్చడానికి మళ్లీ టెస్టులు.

కలిసిన దగ్గర్నుంచి ఈనడానికి దాదాపు 63 రోజులు. నాలుగు వారాలకి స్కానింగ్. కొన్ని సంస్థలు కానుపుకి తమ సెంటర్‌కే తీసుకెళ్తాయి, కొన్ని ఇంట్లోనే చేయిస్తాయి. మాది ఇంట్లోనే. చివరి వారం పొద్దునా సాయంత్రం థర్మామీటర్ పట్టుకుని తిరిగాను. కుక్కకి మామూలుగా 38 నుంచి 39 డిగ్రీలుంటుంది, అది 37 దగ్గరకి పడిందంటే ఇంకో రోజులో ఈనుతుందని లెక్క. ఆ సాయంత్రం 36.9 చూపించింది. తెల్లవార్లూ డైసీ దుప్పట్లు గీకుతూనే ఉంది, నేను పక్కనే కింద కూర్చున్నాను. ఏడు పిల్లలు.

కళ్లు తెరవవు, చెవులు వినపడవు, ఒంటి వేడి నిలుపుకోలేవు, తల్లి నాకితే తప్ప ఒంటికి కూడా పోయలేవు. ఈనడానికి పెట్టిన పెట్టె లోపల చుట్టూ ఒక చెక్క పట్టీ ఉంటుంది, తల్లి గోడకి ఆనుకుని పడుకున్నప్పుడు పిల్ల కింద నలిగిపోకుండా. ఒక్కోదానికి ఒక్కో రంగు రిబ్బను కట్టి రోజూ తూచి రాయాలి. పసుపు రిబ్బనుది మొదటి రోజు 372 గ్రాములు, రెండో రోజు 365, మూడో రోజూ 365. మిగతా ఆరూ పెరుగుతున్నాయి. ఫోన్ చేస్తే, పెద్దవాటిని కాసేపు పక్కన పెట్టి దీన్ని వెనక రొమ్ము దగ్గర పట్టుకోమన్నారు. రెండు గంటలకోసారి, రాత్రి కూడా. ఐదో రోజు 398 చూసి నేను అరిచిన అరుపుకి డైసీ లేచి నిలబడిపోయింది.

మూడో వారం దాటాక ఇంకో రకం పని. వాషింగ్ మెషీన్ చప్పుడు, కుర్చీ లాగిన శబ్దం, డోర్‌బెల్, కొత్త మనుషులు, ఇవన్నీ మామూలే అని పిల్లలకి తెలియాల్సింది ఆ రోజుల్లోనే. తల్లిని షెడ్డులో కాకుండా ఇళ్లల్లో ఉంచడానికి ఇదీ ఒక కారణం. గిన్నె కిందపడితే డైసీ తల కూడా ఎత్తదు, పిల్లలు దాన్ని చూసి మళ్లీ నిద్రపోతాయి. వాసన సంగతి మాత్రం మొహమాటం లేకుండా చెప్తున్నా, ఏడు పిల్లలకి రోజుకెన్ని పాత న్యూస్‌పేపర్లు కావాలో మీరు ఊహించలేరు.

ఏడెనిమిది వారాలకి అవి వేరే వాలంటీర్ల ఇళ్లకి వెళ్లిపోతాయి, అక్కడ ఏడాది పైన పెరిగి ట్రైనింగ్‌కి. అన్నీ గైడ్ డాగ్స్ అవ్వవు. పిల్లలు వెళ్లిన రోజు ఎలా ఉంటుందని అందరూ అడుగుతారు. నిజం చెప్పాలంటే అప్పటికి ఇల్లు తుడిచి తుడిచి నడుము పడిపోయింది, బాధకంటే ముందు నిద్రొచ్చింది. పసుపు రిబ్బనుదాన్ని బండెక్కించేటప్పుడు మాత్రం కాస్త ఆలస్యం చేశాను.

డైసీకి ఈతలు అయిపోయాక ఇక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేస్తారు, తర్వాత ఉంచుకుంటారా అని చాలా చోట్ల ముందు మననే అడుగుతారు. ఇదంతా విని మీకు భయమేస్తే, మగకుక్కని పెట్టుకునే అవకాశం కూడా ఉంటుంది, అడగండి. దానికి థర్మామీటర్ అక్కర్లేదు, పిలిచినప్పుడు సెంటర్‌కి తీసుకెళ్లి తీసుకురావడమే. సోఫా మీద వెంట్రుకలు మాత్రం రెండింటికీ ఒక్కటే.