అడిగే నోరు

సభకు నమస్కారం. ఇప్పుడే కప్పులు, పతకాలు అందుకున్న తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ అభినందనలు.

ఆట మెళకువలు మీ కోచ్‌లు చెబుతారు. నేను ఒక లెక్క చెబుతాను. సునీల్ గవాస్కర్ టెస్టుల్లో 34 సెంచరీలు చేశారు. వన్డేల్లో ఒకే ఒక్కటి, 1987 ప్రపంచకప్‌లో నాగపూర్‌లో న్యూజిలాండ్ మీద, ఒళ్ళు కాలే జ్వరంతో. మొత్తం 35. మా తరం వాటిలో చాలావాటిని రేడియోకు చెవి ఆనించి విన్నది. 2019 జూలై 10న ఆయనకు 70 ఏళ్ళు నిండాయి. ఆ పుట్టినరోజుకు 35 మంది పిల్లల గుండె ఆపరేషన్ల ఖర్చు తన మీద వేసుకున్నారు. సెంచరీకి ఒక బిడ్డ! రికార్డు పుస్తకంలో ఉన్న అంకెకు ఇంతకంటే మంచి ఉపయోగం నాకు తోచదు.

గవాస్కర్ సత్యసాయిబాబా భక్తులు. ఆ ఆపరేషన్లు చేసేవి శ్రీ సత్యసాయి సంజీవని ఆస్పత్రులు. రాయ్‌పూర్‌లో, హర్యానా పల్వల్‌లో, నవీ ముంబైలో ఉన్నాయి, మన సిద్దిపేట జిల్లా కొండపాకలోనూ ఉంది. 1991లో పుట్టపర్తి సూపర్ స్పెషాలిటీ ఆస్పత్రి వేసిన బాటే అది. అక్కడ గుండె కోసి కుట్టినా రూపాయి తీసుకోరు.

పుట్టే ప్రతి వెయ్యి మందిలో ఎనిమిది, తొమ్మిది మంది పిల్లలకు గుండెలో ఏదో ఒక లోపం ఉంటుంది. గుండెలో రంధ్రం ఉన్న బిడ్డ పాలు తాగుతూ తాగుతూ ఆయాసంతో ఆపేస్తుంది. వయసుకు తగ్గ బరువు పెరగదు. కొన్ని లోపాల్లో ఏడ్చినప్పుడు పెదాలు నీలంగా మారతాయి. కూలికి వెళ్ళే తల్లి దిష్టి తగిలిందేమో అనుకుంటుంది. డాక్టరు లక్షల్లో ఖర్చు చెప్పాక ఆ ఇల్లు ఏమవుతుందో మీలో కొందరు చూసే ఉంటారు.

అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. ఆ బిడ్డకు అడగడం రాదు, తండ్రి అడిగితే వినేవాళ్ళు దొరకరు. గవాస్కర్ అడిగితే వింటారు. అమెరికాలో ఊరూరా సభలకు వెళ్ళి, ఆయన క్రికెట్ కబుర్లు వినడానికి వచ్చిన ప్రవాస భారతీయులను ఈ పిల్లల కోసం చెయ్యి చాచి అడిగారు. తన జేబులోంచి ఇచ్చినదానికంటే ఈ అడగడమే పెద్ద దానమని నా నమ్మకం. పదివేల పరుగులు చేసిన మనిషికి చెయ్యి చాచవలసిన అవసరం ఏముంది చెప్పండి?

ఇంకొకరి సంగతీ చెప్పాలి. పశ్చిమ ఆఫ్రికా దేశం సెనెగల్‌లో, దక్షిణాన బంబాలి అనే పల్లె. ఫుట్‌బాల్ ఆటగాడు సాదియో మానే ఊరు అది. అతని తండ్రి అక్కడి మసీదులో ఇమాం, అంటే నమాజు చేయించే పెద్ద. మానేకు ఏడేళ్ళప్పుడు ఆయన కడుపు జబ్బుతో పోయారు, ఊళ్ళో ఆస్పత్రి లేదు. మానే సోదరి ఇంట్లోనే పుట్టింది. ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ క్లబ్బుకు ఆడే రోజుల్లో అతను సొంత డబ్బుతో ఆ ఊళ్ళో ఆస్పత్రి కట్టించాడు, 2021లో తెరిచారు. ప్రసూతి వార్డూ ఉంది. దాని గురించి మాట్లాడటానికి అప్పటి దేశాధ్యక్షుడు మాకీ సాల్‌ను కలిశాడు. గోడలు డబ్బుతో లేస్తాయి. డాక్టరు, నర్సు, మందులు ఏటేటా ఉండాలంటే ప్రభుత్వం కదలాలి. ఫుట్‌బాల్ అతనికి అధ్యక్షుడి గుమ్మం దాకా దారి వేసింది. అదే మానే 2018లో, లీస్టర్ జట్టు మీద గోలు కొట్టిన రోజే, లివర్‌పూల్‌లోని ఒక మసీదులో మరుగుదొడ్లు కడుగుతూ కనిపించాడు.

ఇదంతా మత ప్రచారమేనని కొందరంటారు. ఆ అనుమానం తప్పని నేననను. ఆస్పత్రి గేటు దగ్గర నిలబడి చూస్తే చాలు, బిడ్డను చేర్చుకునే ముందు దేవుడి పేరు అడుగుతున్నారో, జబ్బు పేరు అడుగుతున్నారో తెలిసిపోతుంది. జబ్బు పేరు అడిగే చోట, ఇచ్చినవాడు ఎవరికి మొక్కాడన్నది అతని సొంత సంగతి.

చివరగా ఒక్క మాట. సోమవారం పొద్దున నేను మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్తున్నాను. అంగన్‌వాడీ పిల్లల్లో గుండె పరీక్షకు పంపవలసినవాళ్ళు ఎందరున్నారు, ఇప్పటిదాకా ఎందరు వెళ్ళారు అని అడగాలి. నిరుడు ఒక్కణ్ణే వెళ్తే రేపు రమ్మన్నారు. ఈసారి గెలిచిన రెండు జట్ల కెప్టెన్లూ జెర్సీలతోనే నాతో రండి. తొమ్మిదింటికి బస్టాండు దగ్గర ఉంటాను.