చార్జింగ్ పోర్ట్ పోతే మదర్‌బోర్డ్ మార్చాలా? ఆరు నెలలు వాడాక నా రివ్యూ

నమస్కారం అండి. ఈ టేబుల్ మీదున్న లాప్‌టాప్ మా చెల్లిది. బీటెక్ చదువుతోంది. ఆరు నెలల కిందట హాస్టల్ నుంచి ఫోన్ చేసి, "అన్నయ్యా, కేబుల్ ఒక వైపు పెడితేనే చార్జింగ్ ఎక్కుతోంది, తిప్పి పెడితే ఎక్కట్లేదు" అంది. సర్వీస్ సెంటర్‌లో చూపిస్తే, పోర్ట్ ఒక్కటే మార్చరట, మదర్‌బోర్డ్ మొత్తం మార్చాలి, 31 వేలు అన్నారు. ముందు పరీక్షలు, దానికి ఒకటే టెన్షన్. చివరికి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ అనే కంప్యూటర్ మార్కెట్ పక్కనున్న ఒక చిప్ లెవెల్ షాపులో (అంటే బోర్డ్ మొత్తం మార్చకుండా, దాని మీది చిన్న భాగాల్ని రిపేర్ చేసే చోటు) 2,200 రూపాయలకి పోర్ట్ వేయించాం. ఈ వీడియో ఆ రిపేర్ గురించే.

"ఒక వైపే ఎక్కుతోంది" అన్న మాటలోనే సగం సమాధానం ఉందండి. టైప్-సీ పోర్ట్‌లో 24 పిన్నులుంటాయి. వాటిలో సీసీ1, సీసీ2 అని రెండున్నాయి. కేబుల్ ఏ వైపు పెట్టామో, ఎన్ని వోల్టులు ఇవ్వాలో చార్జర్, లాప్‌టాప్ మాట్లాడుకునేది వీటి మీదే. ఆ మాట కుదిరాకే 5 నుంచి 20 వోల్టులకి వెళ్తుంది. ఒక సీసీ పిన్ను ఊడితే ఆ వైపు చార్జింగ్ ఎక్కదు. ఇంకో సంగతి, సీసీ పిన్ను పక్కనే 20 వోల్టుల పిన్ను ఉంటుంది. వంగిన పిన్ను దాన్ని తాకితే చార్జింగ్‌ని నడిపే చిప్, అంటే చార్జింగ్ ఐసీ కూడా పోవచ్చు. అందుకే పోర్ట్ లూజ్ అయ్యాక కేబుల్‌ని అటూ ఇటూ వంచి నెట్టుకురావద్దు, ప్లీజ్.

షాపులో మైక్రోస్కోప్ కింద నాకూ చూపించారు. పోర్ట్‌ని బోర్డ్‌కి పట్టి ఉంచే నాలుగు కాళ్లలో రెండు చోట్ల సోల్డర్, అంటే అతికించే లోహం, పగిలింది. సీసీ2 పిన్ను కింద ప్యాడ్, అంటే పిన్ను అతికే చిన్న రాగి బిళ్ల, లేచిపోయింది. మంచం మీద లాప్‌టాప్ పెట్టుకుని చార్జింగ్ పెడితే కేబుల్ బరువంతా పోర్ట్ మీదే పడుతుంది. రోజూ అలా లాగీ లాగీ ఇంత పని జరిగింది.

కష్టమంతా పాత పోర్ట్ తీయడంలోనే. లెడ్ లేని సోల్డర్ 217 డిగ్రీల దగ్గర కరుగుతుంది. పైగా ఆ కాళ్లు బోర్డ్ లోపలి గ్రౌండ్ పొరకి కలిసి ఉంటాయి కాబట్టి వేడంతా అది లాగేసుకుంటుంది. తొందరపడి బ్లోయర్ (వేడి గాలి ఊదే పరికరం) వేడి పెంచి, పోర్ట్‌ని పట్టి లాగితే మిగతా ప్యాడ్లు కూడా లేచి వస్తాయి. రిపేర్ చేసినాయన ముందు బ్యాటరీ కనెక్టర్ తీశారు. చుట్టూ ఉన్న ప్లాస్టిక్ కనెక్టర్లకి టేప్ వేశారు. కింద నుంచి బోర్డ్‌ని కాస్త వేడి చేశాకే పైన బ్లోయర్ పెట్టారు. పోర్ట్ దానంతటదే వదిలింది. ఊడిన ప్యాడ్‌కి వెంట్రుకంత సన్నని రాగి తీగతో జంపర్, అంటే తెగిన దారికి బదులు కొత్త దారి, వేశారు. నన్నడిగితే 2,200లో అసలు విలువ ఆ జంపర్‌దే.

నచ్చనివి రెండున్నాయి. బోర్డ్ మీద ఫ్లక్స్ (సోల్డర్ బాగా అతకడానికి రాసే జిగురు పదార్థం) అలాగే వదిలేశారు, అడిగితే ఐపీఏ అనే ఆల్కహాల్‌తో కడిగారు. రెండోది, చార్జింగ్ మాత్రమే చెక్ చేసి ఇచ్చారు. ఇంటికొచ్చి అదే పోర్ట్‌కి బయటి ఎస్ఎస్‌డీ డ్రైవ్ పెడితే ఒక వైపు సెకనుకి 400 ఎంబీ స్పీడ్, తిప్పి పెడితే 40. స్పీడ్ డేటా పిన్నులు రెండు వైపులా వేరువేరుగా ఉంటాయి, వాటిలో ఒకటి డ్రై సోల్డర్ అయింది, అంటే సరిగా అతకలేదు. మర్నాడు వెళ్తే పది నిమిషాల్లో, డబ్బు తీసుకోకుండా సరిచేశారు. ఆ మర్యాద నాకు నచ్చింది. మీరు మాత్రం షాపు దాటకముందే రెండు వైపులా చార్జింగ్, రెండు వైపులా డేటా చూసుకోండి.

రిపేర్‌కి ఇచ్చేముందు పోర్ట్ మదర్‌బోర్డ్ మీదే ఉందో, విడి చిన్న బోర్డ్ మీద ఉందో కూడా అడగండి. చాలా మ్యాక్‌బుక్‌లలో అది విడి ముక్కే, సోల్డరింగ్ అవసరమే ఉండదు.

ఇప్పుడు మీ ముందే పెడుతున్నా. ఇది 65 వాట్ల చార్జర్, మధ్యలో మీటర్. ఇటు వైపు... 20 వోల్టులు, 3 ఆంప్స్ పైనే. తీసి తిప్పుతున్నా. సీసీ2 వైపు, జంపర్ వేసిన వైపు. 5... 20. ఎక్కిందండి.